ఆటగాడు ఉస్తాదైతే...

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం పంతుళ్లం గనుక చదువు గురించే మాట్లాడుతామని మీరు అనుకొని ఉంటారు. ఈసారి ఆట గురించి, ఆట ముగిసినంక ఆటగాడు ఏం చేయాలె అన్న సంగతి గురించి నాలుగు మాటలు చెప్పదలచినాము.

సయ్యద్ ఆబిద్ అలీ గారి పేరు పెద్దవాండ్లకు గుర్తుండే ఉంటది. పిల్లలు విని ఉండరు. 1941 సెప్టెంబరు 9న హైదరాబాదులో పుట్టినారు. స్కూలు పిల్లవాడిగా ఉన్నప్పుడు, 1956లో, హైదరాబాదు స్కూళ్ల జట్టులోకి ఎంపికైనారు. సెలెక్టర్లకు నచ్చినది బ్యాటు కాదు, బంతి కాదు, ఫీల్డింగు! తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు క్రికెట్ జట్టు పెట్టినప్పుడు అందులో ఉద్యోగం దొరికింది. రంజీ జట్టులోకి వచ్చినా మొదటి కొన్నేండ్లు బౌలింగు చేసే అవకాశం అంతంత మాత్రమే. అయినా ఓపిక పట్టినారు. 1967 డిసెంబరులో అడిలైడులో, 26 ఏండ్ల వయసులో, మొదటి టెస్టు ఆడినారు. ఆ ఇన్నింగ్సులో 55 పరుగులిచ్చి 6 వికెట్లు తీసినారు. అదే పర్యటనలో సిడ్నీ టెస్టులో 78, 81 పరుగులు చేసినారు.

మొత్తం 29 టెస్టులు, 1,018 పరుగులు, 47 వికెట్లు. ఈ లెక్క చూసి ఇందులో గొప్ప ఏమున్నది అని ఎవరైనా అడగవచ్చు. ఆ రోజుల్లో మన జట్టు బలమంతా స్పిన్ బౌలర్లది. కొత్త బంతి మెరుపు తగ్గేదాకా నాలుగు ఓవర్లు వేసి, బంతిని బేడీకో, ప్రసన్నకో, చంద్రశేఖర్‌కో అప్పగించాలె. ఆ పని ఆబిద్ అలీది. వికెట్ల దగ్గర నిలబడి క్యాచులు పట్టుడు ఆయన పని. మొదట బ్యాటింగుకు పొమ్మంటే మొదట, ఎనిమిదోవాడిగా పొమ్మంటే ఎనిమిదోవాడిగా. 1971 ఆగస్టు 24న ఓవల్‌లో ఇంగ్లండు గడ్డమీద భారతదేశం మొట్టమొదటి టెస్టు గెలిచినప్పుడు, గెలుపు ఫోరు కొట్టిన బ్యాటు ఆయనదే.

ఇదంతా అందరికీ తెలిసిన భాగం. మేము చెప్పదలచినది తర్వాతి భాగం. ఆట ముగించినంక హైదరాబాదు జూనియర్ జట్టుకు శిక్షణ ఇచ్చినారు. 1980లో కాలిఫోర్నియా పోయినారు. అది బేస్‌బాల్ దేశం. అక్కడ పిల్లవాని చేతికి బంతి ఇస్తే పిచర్ లెక్క విసురుతడు, మోచేయి చాపి బౌలింగు చేయడు. అట్లాంటిచోట కూడా పిల్లలకు క్రికెట్ నేర్పినారు. 1990ల చివర మాల్దీవుల జట్టుకు, ఆ తర్వాత ఆంధ్ర రంజీ జట్టుకు, యు.ఏ.ఇ. జట్టుకు కోచ్‌గా పనిచేసినారు. 2025 మార్చి 12న, 83 ఏండ్ల వయసులో, కాలిఫోర్నియాలోనే కన్నుమూసినారు. అల్లాహ్ ఆయనకు మగ్ఫిరత్ ప్రసాదించుగాక.

యు.ఏ.ఇ. అంటే మనకు కొత్త దేశం కాదు. జగిత్యాల, కోరుట్ల నుంచి, నిర్మల్ నుంచి మన పిల్లలు ఎందరో అక్కడికి చెమటోడ్చడానికి పోయినారు. కష్టపడి ఇల్లు నిలబెట్టుడు తక్కువ పని కాదు. కానీ హైదరాబాదు పిల్లవాడు ఒకడు అదే దేశానికి ఉస్తాదుగా పోయినాడన్న సంగతి మన పిల్లలకు తెలియాలె గదా!

ఇప్పుడు మన సంగతి. మా క్లాసుల్లో మంచి చేతివాటం ఉన్న పిల్లలను, గాలిలెక్క ఉరికే ఆడపిల్లలను ప్రతి యేడు చూస్తున్నాము. పదో తరగతి కాగానే మగపిల్లవాడు మెకానిక్ షాపుకో, పాస్‌పోర్టు ఆఫీసుకో పోతాడు. ఆడపిల్ల ఆట అంతకుముందే ఆగిపోతుంది. హునర్ లేక కాదు, నేర్పేవాడు లేక. నేర్పగలిగినవాండ్లు మన మధ్యనే ఉన్నారు. కాలేజీ జట్లల్లో, జిల్లా జట్లల్లో ఆడి, ఇప్పుడు దుకాణాల్లో, ఆఫీసుల్లో కూచున్నవాండ్లు ఈ సభలోనే ఉన్నారు.

అందుకని సంఘం ముందు మూడు మాటలు పెడుతున్నాము.

ఒకటి. ఒకప్పుడు ఆడినవారు ఆదివారం పొద్దున రెండు గంటలు పిల్లలకు ఇవ్వాలె. కరీంనగర్‌లో అంబేద్కర్ స్టేడియం ఉన్నది, ఆదిలాబాదులో ఇందిరా ప్రియదర్శిని స్టేడియం ఉన్నది. అక్కడికి రాలేనివారికి బడి మైదానం చాలు.

రెండు. షీల్డులు, పూలదండల మీద పెట్టే ఖర్చులో సగం తగ్గించి బ్యాట్లు, బంతులు, బూట్లు కొనాలె. షీల్డు గోడకు వేలాడుతది. బూటు పిల్లవాని కాలికి ఎక్కుతది.

మూడు. హకీంపేటలో రాష్ట్ర స్పోర్ట్స్ స్కూలు ఉన్నది. దాని ప్రాంతీయ స్కూళ్లు కరీంనగర్, ఆదిలాబాదుల్లోనే ఉన్నయి. నాలుగో తరగతిలో ప్రవేశం. పరుగు, దూకుడు, మెడిసిన్ బాల్ విసురుడు వంటి పరీక్షలు పెడతరు. ప్రకటన వచ్చిపోయినంక తెలిస్తే లాభం లేదు. సంఘం తరఫున ఒకరు దాన్ని కనిపెట్టి ఉండి, ఉర్దూలో రాసి మస్జిదుల నోటీసు బోర్డుల మీద అంటించాలె. ఆడపిల్లల తల్లులకు ప్రత్యేకంగా చెప్పాలె.

సదఖా-ఎ-జారియా అంటే బావి తవ్వించుడు, మదరసా కట్టించుడు మాత్రమే అనుకోకండి. నేర్పిన విద్య కూడా అందులోదే. ఓవల్‌లో కొట్టిన ఫోరు రికార్డు పుస్తకంలో ఉంటది. ఆయన నేర్పిన ఆట మాత్రం ఇంకా ఎన్నో చేతుల్లో ఆడుతనే ఉన్నది.

పై ఆదివారం పొద్దున మా బడి మైదానం గేటు తెరిచి ఉంచుతాము. బంతులు మావి. నేర్పేవారు మీలోంచి రావాలె.

ఖుదా హాఫిజ్.