చలిదేశములకు పోవువారి దుస్తులు
(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తలిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



2001వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీతో బంగారు గనులు మూతపడిన పిమ్మట మన కోలారు గనుల కుటుంబములు జీవనోపాధికై నలుదిక్కులకును చెదరిపోయినవి. పెక్కుమంది ప్రొద్దున రైలెక్కి బెంగుళూరుకు పోయి రాత్రికి మరలివచ్చుచున్నారు. కొందరి బిడ్డలు అప్పుచేసి కెనడా, ఇంగ్లండు, అమెరికా దేశములకు చదువులకై పోవుచున్నారు. అట్టివారి తల్లులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న ఒక్కటే: "పెట్టెలో ఏమి సర్దవలెను?" ఈ పూట దానికే సమాధానము చెప్పదలచితిమి.

మన ఊరు సముద్రమట్టమునకు సుమారు 850 మీటర్ల ఎత్తున నున్నది. దీనిని ఒకప్పుడు 'చిన్న ఇంగ్లండు' అనెడివారు. పుష్యమాసపు వేకువను స్వెట్టరు, మఫ్లరు లేక బయటికి రాము గనుక చలి యన నేమో మనకు తెలియుననియే తలంతుము. ఆ యెరుక అచ్చట చాలదు. కెనడాలోని వినిపెగు నగరమున జనవరి రాత్రులయందు సున్నకు దిగువ 20 డిగ్రీల చలి సాధారణము. దానికి గాలి తోడైన మరింత కష్టము. సున్నకు దిగువ 10 డిగ్రీలున్న దినమున గంటకు 30 కిలోమీటర్ల వేగముతో గాలి వీచినచో ఒంటికి దిగువ 20 డిగ్రీలవలె సోకును.

తెలివిగలవారికి ఇవి చెప్పనక్కరలేదని అనుకొనవచ్చును. శ్రీనివాస రామానుజముకంటె తెలివిగలవా రెవరు? ఆయన 1914 మార్చిలో చెన్నపట్టణమున ఓడ యెక్కి ఏప్రిల్‌లో లండను చేరెను. కేంబ్రిడ్జిలో ఆయన రాత్రులు చలికి తాళలేక ఓవర్‌కోటు తొడిగికొని శాలువ కప్పికొని పడుకొనుచుండెనట. మిత్రుడు మహలనోబిస్ పడకగదికి పోయి చూడగా మంచముపై కంబళ్ళు చాలినన్ని యున్నవి. అంచులు పరుపు క్రిందికి దోపి యున్నవి. వానిని తొలగించి లోపల దూరవలెనని రామానుజమునకు ఎవరును చెప్పలేదు. ఆయన కంబళ్ళ పైననే పరుండెడివాడు! గాంధీ మహాత్ముడును 1888 సెప్టెంబరు చివర తెల్లని ఫ్లానెలు దుస్తులతో ఇంగ్లండున దిగి, అట్టివి ధరించినవాడు తానొక్కడే యని చూచి సిగ్గుపడినట్లు తన ఆత్మకథలో వ్రాసికొనెను. చెప్పువారు లేనిచో ఎంతవారికైనను ఇట్లే యగును.

ఇక అసలు సంగతి. బట్ట తనంతట వేడిని పుట్టింపదు. మన ఒంటి వేడి పారిపోకుండ నిలుపును. అట్లు నిలుపునది నూలుపోగుల నడుమ చిక్కిన కదలని గాలి. కావుననే ఒక్క మందపు కోటుకంటె పలుచని పొరలు మూడు మేలు. ఒంటి నంటి యుండు పొర చెమటను పీల్చి వెలుపలికి పంపవలెను; నడిమి పొర వేడిని నిలుపవలెను; పై పొర గాలిని, మంచును ఆపవలెను.

ఒంటి నంటిన పొర ప్రత్తిబట్టగా నుండరాదు. ఈ మాట మన గనులవారికి వేరుగ బోధింపనక్కరలేదు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించి లోతు. అడుగున రాతి వేడిమి 60 డిగ్రీలు దాటియుండెడిది. అచ్చట చెమటతో తడిసిన చొక్కాతో మార్గశిరపు రాత్రి పైకి వచ్చినవారు ఎట్లు వణికెడివారో మా పెద్దలు చెప్పగా విన్నాము. తడిసిన ప్రత్తి త్వరగా ఆరదు, వేడిని లాగివేయును. ఉన్ని యట్లు కాదు. కొంత తేమ పీల్చియు వెచ్చగానే యుండును. మన కురుబ సోదరులు గొఱ్ఱె ఉన్నితో నేయు కంబళిని చూచినవారికి ఇది వింత గాదు. చింతామణి, శిడ్లఘట్టల పట్టు సైతము లోపలి పొరకు తగినదే. చీర విడువ నొల్లని తల్లులు బిడ్డలను చూడబోవునపుడు చీర లోపల ఉన్ని పొడుగు లాగు ధరించిన చాలును, ఎవరికిని కనబడదు.

బరువైన కోటు, మంచు బూట్లు ఇచ్చట కొనుట డబ్బు దండుగ యని మా అభిప్రాయము. అచ్చటి చలికి తగినవి అచ్చటనే దొరకును. పాతవైనను మంచివి తక్కువ వెలకు వచ్చును. ఇచ్చటినుండి లోపలి పొరలు, ఉన్ని మేజోళ్ళు, టోపి పంపుడు. బూటు బిగుతుగా నుండరాదు. రెండు జతల మేజోళ్ళు దూర్చి బిగించినచో నెత్తురు ఆడక కాలు మరింత చల్లబడును. వ్రేళ్ళు విడివిడిగా నుండు తొడుగులకంటె నాలుగు వ్రేళ్ళు కలిసియుండు తొడుగు వెచ్చన.

మనుమలను చూడబోవు అవ్వతాతలు ఒకటి గమనింపవలెను. కారులో పసిబిడ్డను కూర్చుండబెట్టునపుడు ఉబ్బుకోటు తొడిగి పట్టీ బిగింపరాదు. తాకిడి కలిగినపుడు కోటు అణగి పట్టీ వదులై బిడ్డ జారిపోవును. పట్టీ బిగించిన పిమ్మట పైన దుప్పటి కప్పవలెను.

వ్రేలో, చెవియో మొద్దుబారి పాలిపోయినచో రుద్దరాదు. మంచుతో రుద్దుట మరియు హాని. లోపలికి పోయి గోరువెచ్చని నీటిలో నుంచి వైద్యుని చూడవలెను. వేడి కొరకై సారాయి పుచ్చుకొనుట భ్రాంతి; చర్మమునకు నెత్తురు ఎక్కి వెచ్చగా తోచును గాని లోపలి వేడి పోవును.

చివరిమాట. విమానములో పెద్ద పెట్టె ఒక్కొక్కప్పుడు ఒక దినము ఆలస్యముగా చేరును. స్వెట్టరు, టోపి, చేతి తొడుగులు, ఒక జత మేజోళ్ళు చేతిసంచిలోనే పెట్టి పంపుడు.