చిత్రలేఖనమునకు పుట్టుకతో వచ్చిన వరము కావలెనా?

(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ పూట మాకిచ్చిన అంశము చిన్నదిగా కనిపించవచ్చును. అయితే మన ఇండ్లలో ప్రతిదినము దీనిపై తీర్పులు జరుగుచునే యున్నవి. పిల్లవాడు గుఱ్ఱము బొమ్మ వేసి తెచ్చును. అది కుక్కవలె ఉండును. ఒకరు నవ్వుదురు. మరియొకరు, "వీనికి ఆ తలాంతు లేదులే, లెక్కలు చేసుకోనీ" అందురు. అంతటితో ఆ పెన్సిలు మూలకు చేరును. ఎనిమిదేండ్ల వయసున ఆగిపోయిన చేయి ఎనుబదేండ్లకు కూడ ఎనిమిదేండ్ల బొమ్మలే వేయును. సందేహమున్నవారు ఇంటికి వెళ్ళి తాతగారిచేత ఒక మనిషి బొమ్మ వేయించి చూడండి.

తలాంతు అను మాట వచ్చినది గనుక ముందు దాని సంగతి చూతము. మత్తయి సువార్త 25వ అధ్యాయములో తలాంతు అనగా నేర్పు అని అర్థము లేదు. అది వెండి బంగారములు తూచు ఒక పెద్ద బరువు, ఆ బరువుగల సొమ్ము. సహజ ప్రజ్ఞను ఇంగ్లీషులో టాలెంట్ అనుట ఈ ఉపమానము నుండియే వచ్చినది. అందులో ఐదు పొందినవాడున్నాడు, రెండు పొందినవాడున్నాడు, ఒకటే పొందినవాడున్నాడు. ఏమియు పొందని దాసుడు మాత్రము ఆ కథలో లేడు. "మావానికి అసలే లేదు" అనువారు ఆ పిల్లవానిని ఎవరి పక్కన నిలువబెట్టుచున్నారో మాకు బోధపడదు.

బెసలేలు మాటేమిటని కొందరు అడుగుదురు. ప్రత్యక్షపు గుడారపు పనికి అతనికి నేర్పు దేవుడే ఇచ్చెను గదా, అది వరమే గదా అందురు. నిజమే. అయితే నిర్గమకాండము 35వ అధ్యాయములో అతనికిని అహోలీయాబుకును ఇతరులకు నేర్పు బుద్ధి కూడ ఇయ్యబడినట్లు ఉన్నది. వరము లేనివారు నేర్చుకొనలేరన్నయెడల, నేర్పు బుద్ధితో పనియేమి?

ఇప్పుడు మన బడి సంగతికి వత్తము. పలకమీద అ, ఋ, క్ష దిద్దించునప్పుడు ఈ బిడ్డకు అక్షరముల వరమున్నదా అని ఏ తల్లియు అడుగదు. ఋ అను అక్షరములో ఉన్న వంపులు ఒక మామిడిపండు బొమ్మలో లేవు. అయినను పిల్లలందరు దిద్దుదురు, దాదాపు అందరికిని వచ్చును. కొందరి దస్తూరి ముత్యములవలె ఉండును, కొందరిది కోడి గెలికినట్లుండును, చదువుటకు రెండును పనికివచ్చును. ముగ్గు కూడ అంతే. చుక్కలు పెట్టి వాకిట ముగ్గు వేయు ఆడపిల్లలకు చేయి తిరుగుట ఎట్లు వచ్చినది? అక్క వేయుచుండగా చూచిరి, తప్పు వేసిరి, చెరిపిరి, మరల వేసిరి. వచ్చునని ఇంటివారందరు ముందే నమ్మిరి గనుక వచ్చినది. కాగితము, రంగులు అనగానే మనము ఆ నమ్మకమును ఎందుకు విడిచిపెట్టుచున్నామో ఆలోచింపవలెను.

అసలు బొమ్మ వేయుటలో కష్టము చేతిలో కంటె చూపులో ఎక్కువగా నున్నది. బల్లమీద ఒక స్టీలు గ్లాసు పెట్టి, ఎదుట కూర్చుండి వేయండి. గ్లాసు అంచు గుండ్రమని మనకు తెలియును గనుక నిండు గుండ్రము చుట్టుదుము. బల్ల చదునని తెలియును గనుక అడుగున అడ్డముగా తిన్నని గీత గీయుదుము. తీరా చూచిన, గ్లాసు కడవ మూతిపట్టినట్లు వింతగా ఉండును. నిదానముగా కంటితో చూడండి. పై అంచు నొక్కుకుపోయిన గుండ్రముగా కనిపించును. అడుగు అంచు తిన్నగా లేదు, వంపు తిరిగియున్నది. అది కంటికి ఇంకను క్రిందుగా నున్నది గనుక, పై అంచుకంటె దాని వంపే ఎక్కువ. ముఖము వేయునప్పుడును ఇదే పొరపాటు. కన్నులను నుదుటి దగ్గర పెట్టుదుము. నడినెత్తి నుండి గడ్డము వరకు కొలిచిన, కన్నులు సరిగా నడుమకు వచ్చును. చేయి చాచి, పెన్సిలు నిలువుగా పట్టి, ఒక కన్ను మూసి కొలుచుట ఒక్క పూటలో నేర్పవచ్చును. తెలిసిన దానిని విడిచి కనబడుదానిని వేయుటకు మాత్రము నెలలు పట్టును. ఓర్పు కావలసినది అక్కడ.

దీనికి దృష్టాంతముగా విన్సెంట్ వాన్ గో చరిత్ర చెప్పుదుము. ఆయన హాలెండు దేశములో ఒక పాదిరిగారి కుమారుడు, 1853లో పుట్టెను. చిత్రముల దుకాణములో పనిచేసెను, ఇంగ్లండులో పాఠములు చెప్పెను, పుస్తకములు అమ్మెను, వేదాంత విద్య మొదలుపెట్టి మానెను. బెల్జియములో బొరినాజ్ అను బొగ్గుగనుల ప్రాంతమున సువార్త పనిచేయగా, 1879లో ఆ ఉద్యోగమును పోయెను. చిత్రకారుడు కావలెనని 1880లో, అనగా 27వ యేట, నిశ్చయించుకొనెను. అప్పటి ఆయన బొమ్మలలో మనుష్యులు కొయ్యబారి యుందురు. ఆయన చేసినదేమనగా, బార్గ్ అనునతడు అచ్చువేయించిన డ్రాయింగు పాఠముల పటములు తెప్పించుకొని, వాటిని చూచి మరల మరల దిద్దెను, మన పిల్లలు పలక దిద్దినట్లే. 1882లో దారములు కట్టిన ఒక చట్రము చేయించుకొని దానిగుండా చూచుచు దూరములు, వాలులు పట్టుకొనెను. బంగాళాదుంపలు తినువారి పటము 1885లో వేయుటకు ముందు, ఆ పల్లెలోని కాపుల ముఖములు పదులకొలది వేసి చేయి సాధించెను. 1890లో చనిపోవునాటికి పదేండ్లు. అంతలో వేసిన తైలవర్ణ చిత్రములు 800లకు పైన. ఈ రోజున ఆయనను పుట్టు మేధావి అందురు. 26వ యేట చనిపోయియుండిన ఆ మాట అనువారెవరు?

మన తెలుగువారిలో రాజమండ్రి దామెర్ల రామారావుగారిని తలంచుకొనవలెను. ఆయనకు సహజ ప్రజ్ఞ ఉండెననుటలో సందేహము లేదు. అక్కడి కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రేగారు దానిని గుర్తించిరి. గుర్తించి, ఇక నీకు చదువెందుకని ఊరకుండలేదు, బొంబాయి జె.జె. కళాశాలకు పంపుటకు పూనుకొనిరి. రామారావుగారు అక్కడ కొన్ని సంవత్సరములు క్రమముగా నేర్చుకొని, తిరిగివచ్చి, రాజమండ్రిలో చిత్రకళ నేర్పు పాఠశాల పెట్టిరి. 1925లో మశూచికముచేత 28 ఏండ్లు నిండకముందే చనిపోయిరి. మనకు ముఖ్యమైన సంగతి మరియొకటి ఉన్నది. ఆయన భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును చిత్రములు వేసిరి. ఒకే ఇంట ఇందరికి వరము దిగెనందుమా, లేక ఆ ఇంట రంగులు, కాగితములు, చూపించువారు ఉండిరందుమా? రెండవదే సమంజసమని మా అభిప్రాయము.

వయసు మీరినదనువారికి ఒక్క మాట. అమెరికాలో గ్రాండ్‌మా మోజెస్ అని పేరుపొందిన రైతు ఇల్లాలు, కీళ్లనొప్పులచేత సూది పట్టలేక, డెబ్బది దాటి 80కి దగ్గరపడిన వయసులో కుంచె పట్టెను. 1961లో 101వ యేట చనిపోవునాటికి దేశమంతట ఆమె పటములు ఎరుగుదురు.

అయితే పుట్టుకలో భేదమే లేదని మేము చెప్పుటలేదు. కొందరు పిల్లలు ఒకసారి చూచి పట్టుకొందురు, కొందరికి పదిసార్లు కావలెను. రంగుల తేడా కంటికి తెలియనివారు కొందరుందురు. వారికి పెన్సిలు, బొగ్గు చాలును. అందరు వాన్ గోలు, రామారావులు కాలేరు. సండే స్కూలు గోడకు పటము వేయుటకు, పండుగకు శుభాకాంక్షల కార్డు తానే వేసి పంపుటకు, సాయంకాలపు గోదావరిని చూచి ఒక కాగితముమీద దించుకొనుటకు అంత ప్రజ్ఞ అక్కరలేదు. ఇంకొక సంగతి. నేర్పకముందే వరము లేదని తేల్చుటకు ఏ గురువు దగ్గరను కొలబద్ద లేదు. మేము చూచినంతలో, మొదట వేగముగా వేసినవారిలో కొందరు విసిగి మానుకొనిరి. మొద్దుచేయి అనిపించుకొన్నవారిలో కొందరు నిలిచిరి.

గనుక తల్లిదండ్రులకు మా మనవి ఇది. పెద్ద ఖర్చు వద్దు. తెల్ల కాగితములు కొన్ని, ఒక మెత్తని పెన్సిలు, ఒక రబ్బరు చాలును. రంగులు తరువాత కొనవచ్చును. వారమునకు మూడు దినములు అరగంటసేపు, ఇంటిలోని వస్తువునే ఎదుట పెట్టి వేయించండి. సినిమా పటములు చూచి వేయుట మొదటనే వద్దు. పిల్లవాడు తెచ్చి చూపినప్పుడు "ఇదేమిటిరా?" అని అడుగకండి, "గ్లాసు అడుగు మరల చూడు నాయనా" అనండి. వేసిన కాగితమును పారవేయక, మూలన తేదీ వేసి ట్రంకుపెట్టెలో దాచండి. మూడు నెలలు గడచిన పిమ్మట అదే గ్లాసును మరల వేయించి, రెండు కాగితములు పక్కపక్కన పెట్టండి. వరమున్నదా లేదా అను సంగతి అప్పుడు మాటలాడుకొందము.