చెరువు నిండింది, ఆయకట్టు ఏది?

(దొరవారిసత్రంలో డిగ్రీ విద్యార్థుల స్నాతకోత్సవంలో ఒక విశ్రాంత అంతరిక్ష ఇంజనీరు ప్రసంగం)

ఆ నల్ల గౌన్లలో మీరెంత ఉడికిపోతున్నారో ఇక్కడికి కనిపిస్తూనే ఉంది.

ప్రిన్సిపాల్ గారు నన్ను రాకెట్ సైంటిస్టు అన్నారు. అంత లేదు. శ్రీహరికోటలో ఘన ఇంధనం తయారుచేసే చోట ఎక్స్‌రేలు తీసే విభాగంలో పనిచేశాను. పీఎస్ఎల్వీ మొదటి దశలో దాదాపు 139 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. అమ్మోనియం పెర్‌క్లోరేటు, అల్యూమినియం పొడి, వాటిని పట్టి ఉంచే రబ్బరు జాతి జిగురు. వీటిని కలిపి, గాలి బుడగ చేరకుండా శూన్యంలో పోసి, వేడిలో రోజుల తరబడి గట్టిపడనిస్తారు. గట్టిపడ్డాక లోపల పగులుందా, బుడగుందా అని చూడటం మా వంతు. పగులుంటే అక్కడ కూడా మంట అంటుకుంటుంది, మండే వైశాల్యం పెరుగుతుంది, ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకి మోటారే పేలిపోవచ్చు. అంత మందంలోకి ఆస్పత్రి ఎక్స్‌రే చొరబడలేదు. లీనియర్ యాక్సిలరేటర్ కావాలి, దాని చుట్టూ మందపాటి కాంక్రీటు గోడలు కావాలి.

ఇదంతా మా ఊళ్ళో ఎలా చెప్పను? మా మేనత్త ఒకసారి మోకాలు పట్టుకుని వచ్చింది. "ఒరే అబ్బయ్యా, కోటలో ఎక్స్‌రేలు తీస్తావంట గదా, నా కాలు కూడా ఆ మిషన్లో పెట్టి చూడరా" అంది. "అత్తా, అందులో పెడితే నొప్పే కాదు, నువ్వు కూడా పోతావు" అన్నాను. "అయితే అంత డబ్బు పోసి మనకి ఒరిగిందేందిరా?" అంది. అందరం నవ్వాం. ఉద్యోగం చేసినంతకాలం పెద్ద పెద్ద సమావేశాల్లో కూర్చున్నాను గానీ అంత సూటి ప్రశ్న మళ్ళీ వినలేదు.

ఆవిడకి అప్పుడు చెప్పాల్సిన జవాబు ఇది. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. సర్కారు లెక్కలోనే పదివేల మంది పోయారు. 1990 మే నెలలో ఇంచుమించు అంత బలమైన తుపానే కోస్తాని కొట్టింది. పోయినవాళ్ళు వెయ్యి లోపు. ఆ వెయ్యీ చిన్న సంఖ్య కాదు. కానీ ఈ రెంటి మధ్య ఏం జరిగింది? తీరం మీద రాడార్లు వచ్చాయి, 1983లో ఇన్శాట్-1బి ఆకాశానికి వెళ్ళింది, తుపాను దారి ముందుగా తెలిసింది, అధికారులు లక్షల మందిని ఊళ్ళు ఖాళీ చేయించారు. ఇన్శాట్-1బిని మోసుకెళ్ళింది మన రాకెట్ కాదు, అమెరికా వాళ్ళ చాలెంజర్ షటిల్. సొంత ఊరి మీద ప్రేమతో లెక్కలు మార్చకూడదు కాబట్టి ఈ మాట చెబుతున్నాను.

లెక్క అన్నాక ఖర్చు పద్దు కూడా ఉంటుంది. 1969లో శ్రీహరికోటని ఎంచుకున్నప్పుడు అది ఖాళీ దీవి కాదు. ఆ అడవి మీద బతికే యానాదులు ఉన్నారు. వాళ్ళ గూడేలు కదిలాయి. ఇప్పటికీ ప్రయోగం ఉందంటే జాలర్లు ఆ వైపు వేటకి పోకూడదు. మూడో ప్రయోగ వేదికకి 2025 జనవరిలో కేంద్రం ఒప్పుకున్న మొత్తం దాదాపు 3,985 కోట్లు. ఇంత తీసుకున్న చోటిని మా అత్త అడిగినట్టు అడగడం మీ హక్కు.

1993 సెప్టెంబరు 20న పీఎస్ఎల్వీ మొదటిసారి ఎగిరింది. మేం ఎక్స్‌రే తీసిన దశ చక్కగా మండింది. రాకెట్ మాత్రం కక్ష్య చేరలేదు, ఉపగ్రహం సముద్రం పాలైంది. నియంత్రణ సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందని తర్వాత తేలింది. మర్నాడు క్యాంటీన్లో మా కుర్రాడొకడు "మనది బాగానే మండింది గదా సార్" అన్నాడు. మా పెద్దాయన ఇడ్లీ తుంచుతూనే "అయితే మొదటి దశ ఒక్కటే కక్ష్యలోకి పోయిందా నాయనా?" అన్నారు. ఆ పూట ఇంకెవరూ నోరెత్తలేదు. 1994 అక్టోబరు 15న అదే రాకెట్ గెలిచింది. ఆ తర్వాత 2008లో చంద్రయాన్-1నీ, 2013లో మంగళయాన్‌నీ మోసింది. పేపర్లు వాటి గురించే రాశాయి. నాకు మాత్రం అది మోసిన ఓషన్‌శాట్‌లంటే ఎక్కువ ఇష్టం. సముద్రం రంగు చూసి మేత ఎక్కడుందో పట్టేవి అవే. ఆ రంగునీ, నీటి వేడినీ కలిపి చూసి చేపలు దొరికే చోట్లు చెప్పే పని హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చేస్తోంది. ప్రయోగం రోజున పడవ ఒడ్డున పెట్టుకున్న జాలరికి కొంతైనా బాకీ తీరే దారి అది.

ఇక నన్ను కొరుక్కుతినే సంగతికొస్తాను. నేలపట్టు చెరువు మీకు తెలియంది కాదు. గూడబాతులు కడప చెట్ల మీద గూళ్ళు కడతాయి, వాటి రెట్ట నీళ్ళలో కలుస్తుంది, ఆ నీరు పారితే చేనుకి బలమని మన రైతులు పక్షుల్ని కాపాడుకుంటారు. అయితే కాలవ తెరిచి మడికి నీళ్ళు పెట్టుకున్నవాడికే ఆ సారం దక్కేది. పెద్ద పరిశోధన కేంద్రాలూ అంతే. చెరువు సర్కారు తవ్వింది. నిండింది కూడా. ఆయకట్టు ఎక్కడ?

రాకెట్ లేచిన రోజున మీరంతా కట్టలెక్కి ఫోన్లెత్తి పట్టుకుంటారు. నిప్పు కనపడకముందే రీల్ పెడతారు! ఉద్యోగాలు ఎప్పుడు వేస్తారు సార్ అని నన్ను అడిగినవాళ్ళకి లెక్కలేదు, అడగండి, తప్పులేదు. ఆ రాకెట్లు పంపిన ఉపగ్రహాల డేటా ఎక్కడ దొరుకుతుంది సార్ అని అడిగినవాణ్ణి మన మండలంలో నేనింకా చూడలేదు. ఉపగ్రహ చిత్రాలు చూపే భువన్ వెబ్‌సైటు, హైదరాబాదు ఎన్ఆర్ఎస్‌సీ వాళ్ళది, 2009 నుంచీ తెరిచే ఉంది. చంద్రయాన్-2 తీసిన చిత్రాలు ఇస్రో తన సైట్‌లో పెట్టింది. నాయుడుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి దాటితే గాదంకిలో 1,024 యాంటెన్నాలతో ఎంఎస్‌టీ రాడార్ నెత్తిమీది గాలుల్ని కొలుస్తోంది. మీలో ఎంతమంది చూశారు? చేతులెత్తండి. చాలు, దించండి నాయనా, ఆ వెనక ఎత్తినాయన లెక్చరరు.

2019లో చంద్రయాన్-2 విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద కూలింది. నాసా తన చిత్రాలు అందరికీ ఇచ్చింది. ఇక్కడ రైలెక్కితే దిగే చెన్నైలో షణ్ముగ సుబ్రమణియన్ అనే ఇంజనీరు ఆఫీసు పని అయ్యాక ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, పాత చిత్రం పక్కన కొత్త చిత్రం పెట్టి చూసి, ఒక శకలాన్ని పట్టుకున్నాడు. నాసా ఆయన పేరు చెప్పి మరీ ప్రకటించింది. ఆయనకి యాక్సిలరేటర్ లేదు, ఎవరి సిఫార్సూ లేదు. ఓపికుంది. మీకు ఓపిక లేదని నేను ఒప్పుకోను. క్రికెట్ స్కోరు ముప్పై ఏళ్ళ నాటిది అడిగినా చెబుతారు!

అందుకని ఒక పని అప్పజెబుతున్నాను. మన జిల్లా మారింది గానీ పులికాట్ సరస్సు బాధ మారలేదు. రాయదొరువు దగ్గర ముఖద్వారం ఇసుకతో పూడిపోతోందని, సముద్రం నీరు సరస్సులోకి సరిగా రావడం లేదని జాలర్లు ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. అమెరికా వాళ్ళ లాండ్‌శాట్ చిత్రాలు 1972 నుంచీ ఉన్నాయి, ఉచితం. మన రిసోర్స్‌శాట్ చిత్రాలు భువన్‌లో ఉన్నాయి. జాగ్రఫీ పిల్లలు ఇద్దరు, కంప్యూటర్స్ పిల్లలు ఇద్దరు, వాళ్ళతోపాటు ఆ ఊరి జాలరి ఇంటి పిల్లవాడొకడు కలవండి. ఏ సంవత్సరం ద్వారం ఎంత వెడల్పు ఉందో, ఇసుక ఎటు నుంచి వచ్చిందో వరసగా పటాలు గీయండి. మీ పటం ఊళ్ళో పెద్దలు చెప్పేదానితో సరిపోతుందో లేదో పడవలో వెళ్ళి చూడండి. సరిపోకపోతే ముందు మీ పటాన్నే అనుమానించండి. తర్వాత దాన్ని తెలుగులో రాసి పంచాయతీకీ, కలెక్టరు గారికీ, మత్స్యశాఖకీ తలా ఒక కాపీ ఇవ్వండి. పటాలు సరిచూడటానికి నన్ను పిలవండి, వస్తాను. భోజనం మాత్రం మీదే.