శిశువులయందు ఇనుపలోటు: దాని నెఱుగు విధము
(మహాసభయందు గావించిన యుపన్యాసము)



విద్యావిషయమును గూర్చి నాలుగుమాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించిరి. నేనెన్నుకొన్న విషయము పేరు వినగానే "బడిపంతులుకు వైద్యముతో నేమి పని?" యని కొందఱికి దోపవచ్చును. నేను వైద్యుడను గాను. కాని చదువునకు మూలమైన బుద్ధి యే వయస్సున రూపొందునో, ఏ కొఱతవలన నది కుంటువడునో తెలిసికొనుట విద్యావిషయమే యగును. మన సంఘము పదవతరగతి దాటిన బాలబాలికలకు విద్యార్థివేతనము లొసగుచున్నది. ఇది మిక్కిలి శ్లాఘ్యము. అయితే బడిగడప త్రొక్కకమున్నే, రెండేండ్ల ప్రాయములోపలనే, ఎవరికిని దెలియకుండ నష్టపడు బిడ్డలు గలరు. ఆ నష్టమునకు ముఖ్యకారణములలో నొకటి శరీరమున ఇనుము చాలకపోవుట.

నెత్తురునకు ఎఱుపునిచ్చి, ప్రాణవాయువును అవయవములకెల్ల మోసికొనిపోవు హీమోగ్లోబిన్ అను పదార్థము ఇనుములేక యేర్పడదు. ఎదుగుచున్న మెదడునకును, నాడీతంతువులపై గ్రమ్ము పొరకును ఇనుము కావలయును. నెలలు నిండి పుట్టిన శిశువు తల్లిగర్భమునుండి కొంత యినుమును మూటగట్టుకొని వచ్చును. ఆ మూట నాలుగు మొదలు ఆఱునెలలవఱకు సరిపోవును. తల్లి రక్తహీనురాలైనను, బిడ్డ నెలలు నిండకయో, బరువు తక్కువగానో పుట్టినను మూట చిన్నదై త్వరలోనే యడుగంటును. తల్లిపాలలోని యినుము శరీరమునకు జక్కగా బట్టునుగాని దాని పరిమాణము స్వల్పము. మన గృహ్యసూత్రములు ఆఱవమాసమున అన్నప్రాశనము విధించినవి. మనము పండుగవలె ముహూర్తము జరిపింతుము; మఱునాటినుండి మరల పాలతోనే కాలము గడుపుదుము. ఏడాది నిండనిబిడ్డకు ఆవుపాలు ముఖ్యాహారముగా బోయుటవలన ఇనుపలోటు హెచ్చునేగాని తగ్గదు.

ఈ బాధ యెంత విస్తృతమైనదో వినుడు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆఱునెలలు మొదలు అయిదేండ్లలోపు బిడ్డలలో రక్తహీనులు దేశమున నూటికి 67, ఆంధ్రప్రదేశమున 63, తెలంగాణమున 70 మందియని తేలినది. ఆ పరీక్ష వ్రేలికొన నెత్తురుతో జేసినది. 2016-18లో నరమునుండి నెత్తురు దీసి జరిపిన సమగ్ర జాతీయ పోషణ సర్వేలో ఒకటి మొదలు నాలుగేండ్ల బిడ్డలలో రక్తహీనులు నూటికి 41 మంది. ఇనుపలోటు గలవారు 32 మంది. దీనివలన రెండు సంగతులు స్పష్టము. ఒకటి, పరీక్షావిధానమునుబట్టి లెక్క మాఱును. రెండు, రక్తహీనతయు ఇనుపలోటును ఒకటి గావు. రక్తహీనతకు ఇతర హేతువులును గలవు; రక్తహీనత లేకయే ఇనుపలోటును గలుగవచ్చును.

ఇదియే నేను ముఖ్యముగా జెప్పదలచిన విషయము. ఒక రైతు కుటుంబమును దలచుకొనుడు. గాదెలో ధాన్యమున్నది, గాదెనుండి బండి ధాన్యమును దెచ్చును, వంటయింట అన్నము వండుదురు. కఱవు వచ్చినప్పుడు మొదట గాదె తఱుగును. అప్పటికిని వంట యథాప్రకారము జరుగుచునే యుండును. చూడవచ్చిన చుట్టమునకు లోటు కానరాదు. పిదప బండి వెలితిగా నడచును. కట్టకడపట గదా పొయ్యి చల్లారును! శిశుశరీరమున గాదె వంటిది ఫెరిటిన్. బండి వంటిది నెత్తురులో ఇనుమును మోయు ట్రాన్స్‌ఫెరిన్. వంట వంటిది హీమోగ్లోబిన్. బిడ్డ తెల్లబాఱినాడని మనము గుర్తించునప్పటికి గాదెయు బండియు నెన్నడో ఖాళీయైనవి. కావున "మావాడు చక్కగా నున్నాడు, తెల్లబాఱలేదు" అను ధైర్యము చాలదు.

అట్లని కంటికి గనబడు గుఱుతులను ఉపేక్షింపరాదు. క్రిందికనురెప్ప లోపలిపొరయు, అరచేయియు, నాలుకయు వెలవెలబోవుట, ఆకలి మందగించుట, ఊరక చిరాకుపడుట, తోడిబిడ్డలతో నాడక యొకచోట కూలబడుట, మన్ను, సున్నము, బలపము, పచ్చిబియ్యము నమలుట. ముప్పదియేండ్లకు పైబడిన నా యుద్యోగములో బలపములు కొఱుకు బిడ్డలను బెక్కుమందిని జూచితిని. ఇండ్లలో దీనిని దురభ్యాసమని వ్రేళ్లకు వేపాకు పూయుదురు.

చరకసంహిత చికిత్సాస్థానమున పాండురోగములు అయిదనియు, వానిలో అయిదవది మృద్భక్షణమువలన గలుగుననియు జెప్పబడినది. ప్రాచీనులు మన్ను తినుటను హేతువనిరి. నేటివైద్యులు దానిని తఱచుగా లక్షణమందురు. రెండును గొంత నిజమే. కొన్నిమట్టులు ఇనుమును బట్టియుంచి శరీరమున కందనీయవు. కృష్ణుడు మన్ను తిన్నకథ విని మనము మురియుచుందుము. మన యింటిబిడ్డ మన్ను తిన్నచో నోరు తెఱపించి బ్రహ్మాండమును వెదకక, కనురెప్ప దించి చూచి, వైద్యునికడకు గొనిపోవలయును.

ఇక పరీక్షలు. మొదటిది హీమోగ్లోబిన్. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2024లో వెలువరించిన నిర్ణయముప్రకారము డెసిలీటరు నెత్తురులో ఇది ఆఱునెలలు మొదలు రెండేండ్లు నిండువఱకు 10.5 గ్రాములకును, ఆపై అయిదేండ్లు నిండువఱకు 11 గ్రాములకును దగ్గరాదు. వ్రేలిని పిండి తీసిన నెత్తురున నీరు కలిసి లెక్క తప్పును. సందేహమున్నచో నరమునుండి తీసినదే నమ్మదగినది. రెండవది ఫెరిటిన్. అయిదేండ్లలోపు బిడ్డలలో నిది లీటరునకు 12 మైక్రోగ్రాములకు దిగువనున్నచో గాదె వట్టిపోయెనని యర్థము. జ్వరమో, మఱియొక వాపో యున్నప్పుడు ఫెరిటిన్ తాత్కాలికముగా బెరుగును గనుక నట్టిబిడ్డకు 30ని హద్దుగా గొందురు. రక్తకణములు చిన్నవై పాలిపోయి కనబడుటయు ఒక యానవాలే. కాని వంశపారంపర్యముగా వచ్చు థలసీమియా లక్షణమునను కణములు చిన్నవగును. అందుచే ఎంతకాలము ఇనుము త్రాగించినను గుణము గానరానిచో నా పరీక్షయు జేయింపవలయును. వైద్యుడు తగినమోతాదున ఇనుపమందొసగి, నెలదినముల పిదప మరల పరీక్షించినప్పుడు హీమోగ్లోబిన్ ఒక గ్రామైనను హెచ్చెనేని, లోటు ఇనుముదేయని రూఢియగును.

తొందర యెందులకనగా, కోస్టారికా దేశమున బెట్సీ లోజాఫ్ అను వైద్యురాలు శైశవమున ఇనుపలోటుచే గట్టి రక్తహీనత గలిగిన బిడ్డలను అయిదేండ్లప్రాయమున మరల పరీక్షించి, 1991లో ఫలితములు ప్రకటించెను. అప్పటికి వారి నెత్తురు బాగుపడినది; కాని బుద్ధిపరీక్షలలో వారు తోడివారికన్న వెనుకబడియే యుండిరి. నెత్తురు తేఱుకొన్నంత మాత్రమున పోయినకాలము తిరిగిరాదని దీని తాత్పర్యము. పదియేండ్లు దాటిన పిమ్మట మనమిచ్చు విద్యార్థివేతనము ఆ లోటును పూడ్చగలదా?

నివారణ దుర్లభము గాదు. ప్రసవమైన పిదప ఒక నిమిషమైనను ఆగి బొడ్డుత్రాడు బిగించినచో బిడ్డమూట పెద్దదగును. ఆఱవనెల దాటినంతనే మెత్తగా నుడికించిన పప్పు, ఆకుకూర, సజ్జ. అభ్యంతరము లేనివారు గ్రుడ్డు, చేప, మాంసము, కాలేయము. వానితో నిమ్మరసమో, ఉసిరికయో చేర్చి పెట్టవలయును. టీ నీళ్లు పోయరాదు. 2018లో నారంభమైన అనీమియా ముక్త భారత్ పథకమున ఆఱునెలలు మొదలు అయిదేండ్లలోపు బిడ్డలకు వారమునకు రెండుమాఱులు 20 మిల్లీగ్రాముల ఇనుమును, 100 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్‌ను గల మందు ఒక మిల్లీలీటరు చొప్పున ఇయ్యవలెనని నియమము. ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1940వ దశకమున కృత్రిమముగా దయారుచేసిన బృందమునకు నాయకుడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారే! మందుచే మలము నల్లనైనను భయపడనక్కఱలేదు. కాని తల్లి ఇనుపమాత్రలను బిడ్డలకందనిచోట దాచవలయును. అధికముగా మ్రింగిన నవి ప్రాణాపాయకరములు. బిడ్డలకు వైద్యుని యనుమతిలేక భస్మములును బెట్టరాదు.

దాతలారా! నా విన్నప మొక్కటే. విద్యార్థివేతనముల నిధిలో నొకభాగమును ఏటేట ప్రతిశాఖయందును శిశురక్తపరీక్షకై వినియోగింపుడు. అర్హుడైన వైద్యుని పిలిపింపుడు. ఏడాది నిండు ప్రతిబిడ్డను తప్పక చూపింపుడు. లోటు బయటపడిన బిడ్డపేరు వ్రాసికొని, నెలకొకమాఱు విచారించి, నయమగువఱకు విడువకుడు. ఆ దినమున ఊరిలోని యన్ని కులములబిడ్డలకును మన తలుపు తెఱచియుండవలయును. నెత్తురుబొట్టునకు కులము లేదు.

బడికి వచ్చినబిడ్డకు చదువు చెప్పుట ఉపాధ్యాయుని ధర్మము. చదువు పట్టగల బిడ్డను బడికి బంపుట మనయందఱి ధర్మము.