గురుకులంలో ఆదివారం

ఆదివారం పొద్దున ఏదైనా గురుకులానికి వెళ్తే కుళాయిల దగ్గర బకెట్ల బారు కనిపిస్తుంది. తీగల మీద యూనిఫాం చొక్కాలు ఆరుతుంటాయి. గేటు దగ్గర టిఫిన్ క్యారియర్లతో అమ్మానాన్నలు ఎదురుచూస్తుంటారు.

మరి ఎవరూ రాని పిల్లల సంగతేమిటి? మధ్యాహ్నం భోజనమయ్యాక పొద్దు గడవనిది వాళ్లకే. ఆదివారం ఏం చేయాలో ముందే ఒక ఏర్పాటు ఉండాల్సింది ముఖ్యంగా వాళ్ల కోసమే.

ఆ ఏర్పాటు తరగతి గది బయటిదైతే మేలు. 2014లో మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులే. వాళ్ల తొలి సాధన భువనగిరి కోట బండ మీద. తరగతి గది బయట పిల్లలకు ఎంత దొరుకుతుందో చెప్పడానికి ఆ బండ చాలు.

అందరూ కొండలెక్కనక్కర్లేదు. దగ్గర్లోని చెరువుగట్టుకు ఒక నడక, ఒక కబడ్డీ ఆట, ఇంటికో ఉత్తరం చాలు. అయితే గంట గంటకూ బెల్లు మోగించకూడదు. బట్టలుతుక్కోవడానికి, నిద్రపోవడానికి, ఊరికే కబుర్లాడుకోవడానికి కూడా వేళ మిగలాలి. స్టడీ అవర్స్‌తో ఆదివారాన్ని నింపేయడం అన్యాయం.

వార్డెన్లకు, ఉపాధ్యాయులకు ఒక్క మనవి. శనివారం సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టి అడగండి, రేపేం చేద్దామని. ముందు ఎవరూ రాని పిల్లల్ని అడగండి.