ఫోన్ జేబులోనే ఉంచండి: ఎడారి నదిలో వైల్డ్ ట్రౌట్

ఈ ఎపిసోడ్‌లో అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రానికి, డెషూట్స్ అనే నది దగ్గరికి వెళ్దాం.

నేను ఉండేది పోర్ట్‌లాండ్ పక్కన. అక్కడి నుంచి నది ఒడ్డునున్న మాపిన్ అనే చిన్న ఊరికి కారులో దాదాపు రెండు గంటలు. కాస్కేడ్ పర్వతాలు దాటామంటే పచ్చటి అడవి మాయం. బోడి కొండలు, నల్లరాయి, ఎండు గడ్డి, సేజ్‌బ్రష్ పొదలు. సముద్రం మీంచి వచ్చే మేఘాలు కొండలకి అవతలే కురిసేస్తాయి, ఇవతలికి పెద్దగా ఏమీ మిగలదు. దీన్నే హై డెజర్ట్ అంటారు.

మరి చల్లటి నీళ్లు కావాల్సిన ట్రౌట్ ఈ ఎడారిలో ఎలా బతుకుతోంది? కొండల మీది మంచు కరిగి, అగ్నిపర్వతపు రాళ్లలోకి ఇంకి, ఊటలుగా పైకొస్తుంది. ఆ ఊటలే ఈ నదికి ప్రాణం.

ఇక్కడి ట్రౌట్‌ని రెడ్‌బ్యాండ్ అంటారు. రెయిన్‌బో ట్రౌట్‌లోనే ఒక రకం, ఒంటి పక్కన ఎర్రటి చార ఉంటుంది. హేచరీలో పెంచి వదిలిన చేప కాదు. ఈ నదిలోనే, గులకరాళ్ల మధ్య గుడ్డులోంచి పుట్టింది. వైల్డ్ అంటే అదే.

దీన్ని పట్టేది వానపాముతో కాదు. ఈకలు, దారం చుట్టి పురుగులా తయారుచేసిన చిన్న కొక్కెంతో. దాని పేరే ఫ్లై. దానికి బరువే ఉండదు, మరి దూరం ఎలా వెళ్తుంది? బరువంతా దారంలో ఉంటుంది. మనం విసిరేది దారాన్ని, ఫ్లై దాని వెనక వెళ్తుంది. నీళ్లలో పడ్డ పురుగు ఎలా కొట్టుకుపోతుందో ఫ్లై కూడా అలాగే పోవాలి. దారం కొంచెం లాగినా చేపకి అనుమానం వస్తుంది. మే చివర్లో సాల్మన్‌ఫ్లై అనే పెద్ద పురుగులు నీళ్లలోంచి బయటికొస్తాయి. ట్రౌట్‌కి అదే పండగ. ఇంకో రూల్: ఇక్కడ పడవలో కూర్చుని గాలం వేయకూడదు. దిగి నిలబడాల్సిందే.

పట్టాక? నేను వదిలేస్తాను. మా అమ్మ వీడియో కాల్‌లో అడిగింది, "కూర వండుకోని చేపని పట్టడం ఎందుకురా?" అని. న్యాయమైన ప్రశ్నే. వదిలేశాం కదా, చేపకి ఏం కాలేదు అని మనం అనుకుంటాం. అసలు సంగతి అక్కడే ఉంది.

1992లో ఒక కెనడా సైన్స్ పత్రికలో రెయిన్‌బో ట్రౌట్ మీద పరిశోధన వచ్చింది. చేపల్ని అలసిపోయేదాకా ఈదించారు. తర్వాత గాలిలో ఉంచకుండా వదిలినవాటిలో 12 గంటల తర్వాత 88 శాతం బతికున్నాయి. 30 సెకన్లు గాలిలో ఉంచినవాటిలో 62 శాతం. ఒక్క నిమిషం ఉంచినవాటిలో 28 శాతమే. ఇది ల్యాబ్‌లో చేసింది, నదిలో ప్రతి చేపకీ ఇదే లెక్క అని కాదు. కానీ దారి ఎటో తెలుస్తోంది కదా? బయటికొస్తే మొప్పలు అతుక్కుపోతాయి, ఊపిరి ఆడదు. మనం ఆలోచించకుండా వాడేసే ఆ ఒక్క నిమిషం దేనికి? సెల్ఫీకి!

అందుకే నా పద్ధతి చెప్తాను. కొక్కెం ముల్లుని ముందే పట్టకారుతో నొక్కేస్తాను, సులువుగా ఊడొస్తుంది. చేపని ఎక్కువసేపు ఆడించకుండా దగ్గరికి లాగేస్తాను. చేతులు తడుపుకున్నాకే ముట్టుకుంటాను, ఎందుకంటే పొడి చేతులకి దాని ఒంటి మీది జిగురు పొర ఊడిపోతుంది. కొక్కెం తీసేది నీళ్లలోనే, రబ్బరు వలలో. ఫోటో కావాలంటే నీళ్లలో ఉన్న చేపనే తీయండి, ఎర్ర చార అక్కడే బాగా కనిపిస్తుంది. తర్వాత తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి, అది తనంతట తాను వెళ్లేదాకా ఆగాలి.

చివరగా, ఫోన్ కన్నా ముఖ్యమైన వస్తువు ఒకటుంది: థర్మామీటర్. నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దాటితే, ఎంత జాగ్రత్తగా వదిలినా చేప కోలుకోవడం కష్టం. జులై, ఆగస్టుల్లో నేను తెల్లవారుజామునే వెళ్తాను. నీళ్లలో థర్మామీటర్ పెట్టి చూస్తాను. 20కి చేరిందంటే కర్ర మడిచి, ఒడ్డున కూర్చుని టీ తాగుతాను. రెండు గంటలు డ్రైవ్ చేసి వచ్చాం కదా అని మనసు పీకుతుంది, నిజమే. కానీ మన పెట్రోల్ ఖర్చు చేపకేం తెలుసు?

మీలో ఎవరైనా అక్కడికి వెళ్తే లైసెన్స్ తీసుకోండి, ఆ ఏడాది రూల్స్ చదవండి. పడమటి ఒడ్డున కొంత భాగం వార్మ్ స్ప్రింగ్స్ గిరిజనుల భూమి, అక్కడ వాళ్ల పర్మిట్ కావాలి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.