క్రియాటినిన్ తెలిసిన మనకు ఈ మూడు మాటలూ తెలియాలి

(నిమ్మాడలో మహిళా కార్యకర్తలతో మాట్లాడిన ప్రసంగ పాఠం)



ఉద్దానంలో ఏ గడపకు వెళ్లినా తమ క్రియాటినిన్ ఎంతో చెప్పగల ఆడవాళ్లు కనిపిస్తారు. బడి ముఖం చూడనివాళ్లు కూడా ఆ మాట పలుకుతారు. కిడ్నీ జబ్బు నేర్పిన చదువది. రొమ్ము క్యాన్సర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇంకా ‘గడ్డ’ అనే అంటున్నాం. అదీ గుసగుసగా.

రొమ్ము క్యాన్సరంతా ఒకే జబ్బు కాదు. గడ్డలోంచి ముక్క తీసి మూడు విషయాలు చూడాలి: ఈస్ట్రోజెన్ రిసెప్టార్, ప్రొజెస్టెరాన్ రిసెప్టార్, హెర్-2. మొదటి రెండూ ఉంటే టామోక్సిఫెన్ లాంటి మాత్రలు పనిచేస్తాయి. హెర్-2 ఎక్కువగా ఉంటే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ ఉంది. ఈ మూడూ లేనిదే ట్రిపుల్ నెగెటివ్. ‘నెగెటివ్ కదా, ఏమీ లేదన్నమాట’ అనుకుని ఇంటికి పోతే ప్రమాదం. త్వరగా పెరిగే రకం ఇదే. చిన్న వయసు వాళ్లలో దీని పాలు ఎక్కువ. ఆ మాత్రలూ, ఆ ఇంజెక్షనూ దీనికి పనిచెయ్యవు. కీమోథెరపీయే ముఖ్యమైన ఆధారం.

మ్యుటేషన్ అనగానే మనకు ఎమ్మార్వో ఆఫీసు గుర్తొస్తుంది, భూమి రికార్డులో పేరు మారడం. కణంలోనూ ఒక రికార్డుంది, డి.ఎన్.ఏ. అందులో అక్షరం మారినా చెరిగినా మ్యుటేషనే. ట్రిపుల్ నెగెటివ్ గడ్డల్లో చాలావాటిలో టిపి53 అనే జన్యువు చెడి ఉంటుంది. సాధారణంగా అది ఆ గడ్డలో జరిగిన మార్పే, పిల్లలకు పోదు. బిఆర్‌సిఎ1 సంగతి వేరు. తెగిన డి.ఎన్.ఏ.ను అతికించే పని దానిది. అది పుట్టుకతోనే చెడి ఉండొచ్చు. 17వ క్రోమోజోము మీద దాని చోటును 1990లో మేరీ-క్లెయిర్ కింగ్ చూపించింది. చెడిన ప్రతి తల్లి నుంచే కాదు, తండ్రి నుంచీ వస్తుంది; కొడుకైనా కూతురైనా ప్రతి బిడ్డకూ సగం అవకాశం. అయినా మాట పడేది కోడలి పుట్టిల్లే! ఆమె తల్లినే కాదు, మేనత్తలనూ అడగండి. అందరికీ వంశం నుంచే వస్తుందనుకోవద్దు, చాలామందికి అలా రాదు.

1994లో ఈ జన్యువును వేరుచేశాక అమెరికాలో మిరియడ్ జెనెటిక్స్ కంపెనీ పేటెంటు తీసుకుంది. మన ఒంట్లోది వాళ్ల ఆస్తట! దావా వేసినవాళ్లలో బ్రెస్ట్ క్యాన్సర్ యాక్షన్ అనే స్త్రీల సంస్థ కూడా ఉంది. ప్రకృతిలో ఉన్న జన్యువుపై పేటెంటు చెల్లదని 2013 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

ఇక మన సంగతి. ఇక్కణ్ణుంచి విశాఖ దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లి రావాలంటే రోజు పోతుంది. పలాసలో జీడిపిక్కల పని చేసే మనిషికి రోజు పోతే కూలి పోయినట్టే. నొప్పి లేని గడ్డను ఆమె వాయిదా వేస్తుంది. ఈ గడ్డలు ఎక్కువగా నొప్పి పెట్టవు మరి.

బయాప్సీ అయ్యాక మూడు పరీక్షలూ చేశారా అని అడగండి. కాగితం నకలు తీసుకోండి. ట్రిపుల్ నెగెటివ్ అయితే జన్యు పరీక్ష అవసరమా అని అడగండి. రక్తం తీసేముందు అది దేనికో, ఫలితం ఎవరికి చెబుతారో ఆమెకే వివరించాలి. భర్తకొక్కడికే చెప్పి పంపుతుంటే తోడు వెళ్లిన కార్యకర్త ఆమెను కూడా లోపలికి పిలవమని అక్కడే అడగాలి.